పెరూ కోడి, పేరు లేని పచ్చడి

పెరూ వాళ్ళ కాల్చిన కోడికి పుట్టిన ఊరు తెలుసు, ఇంచుమించు పుట్టిన సంవత్సరం తెలుసు, దాన్ని కనిపెట్టారని చెప్పుకునే ఇద్దరు మగవాళ్ళ పేర్లూ తెలుసు. దాని పక్కన చిన్న గిన్నెలో వచ్చే పచ్చ పచ్చడికి మాత్రం పేరూ లేదు, తేదీ లేదు. ఎవరో ఎక్కడో నూరారు, బాగుందని ఇంకొకరు నూరారు, అంతే. మన ఇళ్ళల్లో పచ్చళ్ళ సంగతీ అంతే కదా. ఫలానా హోటల్ బిర్యానీకి చరిత్ర రాసేవాళ్ళుంటారు, గోంగూర మొదట ఎవరు నూరారో ఎవరికీ అక్కర్లేదు.

మేముండే ఉత్తర వర్జీనియాలో ఈ పెరూ కోడి అంగళ్ళు చాలా ఉన్నాయి. ఇడ్లీ పిండి అయిపోయి, ఇంట్లో కూర లేక, పిల్లలకి ఆకలేస్తున్న సాయంత్రాల్లో మన తెలుగువాళ్ళు కూడా చాలామంది అక్కడికే వెళ్తారు. మసాలా మన నాలుకకి దగ్గరగా ఉంటుంది. జీలకర్ర, వెల్లుల్లి, మిరియం, కాస్త పులుపు, బొగ్గుల వాసన. పచ్చడి అయితే చెప్పక్కర్లేదు. మా అత్తగారు మొదటిసారి వేలితో నాకి చూసి, "ఇది కొత్తిమీర పచ్చడేనమ్మా, ఎవరో ఇందులో వెన్న కలిపారు" అని తేల్చేశారు. వెన్న కాదు, మయొనేజ్. మిగతాదంతా ఆవిడ సరిగ్గానే చెప్పారు.

దీన్ని ఇంట్లో చెయ్యడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. చేస్తున్నకొద్దీ ఒక్కో దినుసూ ఎక్కణ్ణించి వచ్చిందా అని చదవడం మొదలుపెట్టాను. వంట కన్నా ఆ చదువే ఎక్కువ పట్టుకుంది నన్ను. ఇవాళ రాసేది ఎక్కువ భాగం అదే. వంట కావలసినవాళ్ళు చివరికి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

స్పానిష్‌లో దీని పేరు 'పోయో అ లా బ్రాసా'. పోయో అంటే కోడి, బ్రాసా అంటే కణకణలాడే నిప్పు. నిప్పుల మీద కోడి అన్నమాట. పుట్టింది 1950 ప్రాంతంలో, పెరూ రాజధాని లీమాకి తూర్పున శాంతా క్లారా అనే చోట. రోజర్ షూలర్ అనే స్విట్జర్లాండ్ ఆయన అక్కడ కోళ్ళ ఫారం పెట్టాడు. వ్యాపారం దెబ్బతింది, కోళ్ళు అమ్ముడుపోవడం లేదు. ఏం చెయ్యాలో తోచక వాటిని బొగ్గుల మీద కాల్చి, రోడ్డు పక్కన బోర్డు పెట్టాడు: 5 సోల్‌లు ఇస్తే తిన్నంత కోడి. సోల్ అంటే అక్కడి రూపాయి. జనం కార్లేసుకుని లీమా నుంచి వచ్చారు. అదే 'లా గ్రాంహా అసుల్' అనే హోటలయింది, అంటే నీలం ఫారం. అప్పట్లో కోడికి ఉప్పు తప్ప ఇంకేమీ పట్టించేవారు కాదు. చెంచాలూ ఫోర్కులూ ఉండేవి కావు. చేత్తో తినాలి. ధనవంతుల కుటుంబాలు నగరం దాటి వచ్చి చేత్తో తినడం ఒక సరదా. మనకి రోజూ ఉండే పనే.

గిరాకీ పెరిగేసరికి ఒక్కో కోడినీ చేత్తో తిప్పడం కష్టమైంది. లోహపు పనిలో చెయ్యి తిరిగిన ఫ్రాన్స్ ఉల్రిక్ అనే ఇంకో స్విస్ స్నేహితుణ్ణి అడిగితే ఆయనొక పొయ్యి తయారుచేశాడు. ఊచలకి కోళ్ళు గుచ్చి ఉంటాయి, ఒక్కో ఊచా తన చుట్టూ తాను తిరుగుతుంది, ఊచలన్నీ కలిసి మధ్యలో ఇరుసు చుట్టూ తిరుగుతాయి. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరిగినట్టు. ఇందులో కిటుకు ఏమిటంటే, కోడి తిరుగుతూ ఉంటే కరిగిన కొవ్వు కింద పడిపోకుండా దాని ఒంటి మీదే పారుతూ ఉంటుంది. చర్మం ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మాంసం ఎండిపోదు.

ఈ కథ చెప్పేటప్పుడు దాదాపు అందరూ ఒక వాక్యం అనేసి ముందుకి వెళ్ళిపోతారు: షూలర్ తన వంటమనిషి కోడిని కాలుస్తుంటే గమనించి ఆ పద్ధతి పట్టుకున్నాడని. అంతే, ఆ వంటమనిషి పేరేమిటో ఎక్కడా కనపడదు. బోర్డు పెట్టినాయన ఉన్నాడు, యంత్రం చేసినాయన ఉన్నాడు, అసలు కోడిని కాల్చినవాళ్ళు ఒక్క వాక్యంలో వచ్చి పోయారు. నాకేమీ ఆశ్చర్యం వెయ్యలేదు. వేసవిలో మా పెరట్లో మావారు గ్రిల్ దగ్గర ఏప్రాన్ కట్టుకుని నిలబడితే వచ్చినవాళ్ళంతా "ఏం చేశారండీ!" అని ఆయన్నే మెచ్చుకుంటారు. ముందురోజు రాత్రి మసాలా నూరి, కోడికి పట్టించి, ఫ్రిజ్‌లో చోటు కోసం పెరుగు గిన్నె ఎక్కడ పెట్టాలా అని అవస్థపడింది ఎవరో మీకు వేరే చెప్పాలా.

అసలు కోడే ఆ దేశానిది కాదు. స్పెయిన్ వాళ్ళతో ఓడల్లో వచ్చింది. ఇంకా సామ్రాజ్యపు రాజు అతహువాల్పాని స్పెయిన్ వాళ్ళు కహమార్కా ఊళ్ళో బంధించి, గది నిండా బంగారం తీసుకుని కూడా 1533లో చంపేశారు. కొండ ప్రాంతాల వాళ్ళ కెచువా భాషలో కోడిని 'వాల్పా' అంటారు. తల్లి వైపు ఇంకా రాజవంశంలో పుట్టిన గార్సిలాసో అనే రచయిత 1609లో అచ్చయిన తన పుస్తకంలో దీని గురించి రాశాడు. పుంజు కూస్తుంటే చచ్చిపోయిన రాజు పేరు పిలిచినట్టు వినపడుతుందని అక్కడి జనం అనుకునేవారట. భాషాశాస్త్రజ్ఞులు ఈ మాటకి ఇంకేం వ్యుత్పత్తి చెప్పినా చెప్పనీండి, కొత్తగా వచ్చిన పక్షి గొంతులో పోయిన రాజు పేరు విన్న జనాన్ని తలుచుకుంటే నాకు గుండె బరువెక్కింది.

మసాలాలో ఇప్పుడు తప్పనిసరిగా వేసే సోయా సాస్ ఇంకో ఓడ ఎక్కి వచ్చింది. 1849 నుంచి 1874 వరకు దాదాపు లక్షమంది చైనా కూలీల్ని ఒప్పందాల మీద పెరూకి తెచ్చారు. చెరకు తోటల్లో, పత్తి చేలల్లో, పక్షుల రెట్ట తవ్వి ఎరువుగా ఎగుమతి చేసే దీవుల్లో పని. పేరుకి కూలి, నిజానికి బానిసత్వానికి కాస్త ఇటు. అదే కాలంలో మన కోరంగి రేవు నుంచి తెలుగువాళ్ళు మారిషస్ చెరకు తోటలకి వెళ్ళిన సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. లీమాలో సోయా సాస్‌ని ఇప్పటికీ 'సియావ్' అంటారు, అల్లాన్ని 'కియోన్' అంటారు. రెండూ దక్షిణ చైనా వాళ్ళ మాటలే. ఊరు వదిలి వచ్చినవాళ్ళ భాష మూడో తరానికి పోతుంది, వంటింటి మాట మాత్రం మిగులుతుంది. నా పిల్లలకి తెలుగు వాక్యం పూర్తిగా రాదు, 'పోపు' అన్న మాట మాత్రం తడుముకోకుండా వస్తుంది.

ఇక కట్టె సంగతి. పాతకాలపు పద్ధతిలో ఈ కోడికి 'అల్గరోబో' చెట్టు బొగ్గు వాడేవారు. పెరూ ఉత్తర తీరంలో వాన పడని నేలల్లో పెరిగే ముళ్ళ చెట్టు అది. చదువుతూ చదువుతూ దాని శాస్త్రీయ నామం చూసి ఆగిపోయాను. అది మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం! ఒకే ప్రజాతి, జాతులు వేరు. మన చెట్టు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినదే. కరువు నేలల్లో వంటచెరకు కోసమని 1877 ప్రాంతంలో బ్రిటిష్ అటవీ అధికారులు గింజలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురం దగ్గర వేయించారు. అక్కణ్ణించి అది ఎక్కడెక్కడికి పాకిందో రాయలసీమ, ప్రకాశం, పాలమూరు వైపు వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో దాన్ని కంపచెట్టు అనేవారు. మధ్యాహ్నం ఆడవాళ్ళు కొడవలి కర్రకి కట్టుకుని వెళ్ళి కంప కొట్టుకొచ్చేవారు. అరచేతుల్లో ముళ్ళు దిగేవి. మాకు అది చేల మీద పడ్డ పీడ. పెరూలో మాత్రం దాని చుట్టపు చెట్టుకి గౌరవం. కాయల్ని ఉడికించి 'అల్గరోబీనా' అనే తియ్యటి పాకం తీస్తారు. కోడి అంగళ్ళ బొగ్గు కోసం ఆ అడవులు తరిగిపోతున్నాయని అక్కడివాళ్ళ బాధ. ఒకే ఇంటిపేరున్న చెట్టు ఒకచోట ఎంత కొట్టినా పోదు, ఇంకోచోట కొట్టి పోగొట్టుకుంటున్నారు.

ధనవంతుల సరదా అందరి తిండి ఎలా అయిందన్నది నాకు అన్నిటికన్నా ఆసక్తి. 1950, 60ల్లో పెరూ తీరంలో చిన్న చేపల్ని పట్టి, ఎండబెట్టి, పొడి చేసి కోళ్ళ మేతగా ప్రపంచమంతా అమ్మేవారు. 1960ల్లో చేపలు పట్టడంలో ప్రపంచంలో ఆ దేశమే మొదటిది. 1968లో సైన్యం అధికారంలోకి వచ్చింది. 1970ల్లో గొడ్డుమాంసం కొరత వస్తే ప్రభుత్వం నెలలో 15 రోజులు దాని అమ్మకాన్ని ఆపేసింది. ఆ 15 రోజులు ఇల్లాళ్ళు ఏం వండాలి? ఫారం కోడి. ఒకసారి వంటింట్లోకి అలవాటుగా వచ్చింది ఇక బయటికి పోదు. కోడి అంగళ్ళు లీమా అంతా పుట్టుకొచ్చాయి. కోడిని మొత్తంగా, సగంగా, పావుగా, చివరికి అరపావుగా కూడా అమ్ముతారు. జేబులో ఉన్నదాన్ని బట్టి ముక్క. 2004లో ప్రభుత్వ సంస్కృతి సంస్థ దీన్ని దేశపు ప్రత్యేక వంటకంగా ప్రకటించింది. 2010 నుంచి జూలై మూడో ఆదివారం దీని పండగ రోజు.

ఇంతవరకు పుస్తకాల్లో, పత్రికల్లో దొరికేదే. మా వీధిలో లీమా నుంచి వచ్చిన ఒకావిడ ఉండేవారు. నన్ను 'వెసీనా' అని పిలిచేవారు, అంటే పక్కింటావిడ. నేనూ అలాగే పిలిచేదాన్ని. నేను చేసిన కోడి ఒకసారి పట్టుకెళ్ళి ఇస్తే బాగుందన్నారు. తరవాత ఇలా అన్నారు: "ఇది హోటలు కోడి, వెసీనా. మా ఇంట్లో ఎవరి పుట్టినరోజుకో వచ్చేది. మాది పొయ్యాదా." ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు.

పొయ్యాదా అంటే ఒక వంట పేరు, ఒక పని పేరు కూడా. ఇంట్లో ఎవరికో ఆపరేషన్, లేదా పైకప్పు వెయ్యాలి, లేదా పిల్లవాడి చదువుకి డబ్బు కావాలి. ఆ ఇంటావిడ చీటీలు రాసి ముందుగానే వీధిలో అందరికీ అమ్ముతుంది. వచ్చిన డబ్బుతో కోళ్ళు కొని, ఎర్ర మిరప ముద్ద, వెల్లుల్లి, జీలకర్ర పట్టించి రాత్రంతా ఉంచుతుంది. ఆదివారం పెద్ద బాణలి పెట్టి, అక్కచెల్లెళ్ళూ పక్కింటి వాళ్ళూ కలిసి వేయిస్తారు. చీటీ ఇచ్చినవాళ్ళకి ఒక ముక్క, ఉడికించిన బంగాళాదుంప, కాస్త ఆకుకూర, ఆ పచ్చడి. పాటలు పెడతారు, పానీయాలు విడిగా అమ్ముతారు. ఖర్చు పోగా మిగిలింది ఆ ఇంటికి. ఇవాళ నువ్వు నా చీటీ కొంటే రేపు నీ చీటీ నేను కొనాలి. కొనకపోతే ఊరుకోరు. రాసిన నియమమేమీ లేదు, అందరికీ తెలుసు అంతే.

ఇది 1980లలో, 90ల మొదట్లో లీమా అంచుల్లోని పేటల్లో బాగా పెరిగింది. ఎందుకు పెరిగిందో అర్థం కావాలంటే ఆ రోజులు తెలియాలి. 1980లో 'వెలుగు దారి' అని పేరు పెట్టుకున్న మావోయిస్టు దళం ఆయకూచో కొండల్లో తుపాకులు పట్టింది. సైన్యం ఎదురుదిగింది. మధ్యలో నలిగింది పల్లెలు. చచ్చిపోయినవాళ్ళూ కనపడకుండా పోయినవాళ్ళూ కలిపి దాదాపు 69,000 మంది అని సత్యశోధన సంఘం 2003లో తేల్చింది. వాళ్ళలో నలుగురికి ముగ్గురు కెచువా, ఇంకా ఇతర ఆదివాసీ భాషలు మాట్లాడేవాళ్ళు. బతికినవాళ్ళు కొండలు దిగి లీమా ఇసుకలో గుడిసెలు వేసుకున్నారు. అదే సమయంలో ధరలు. 1990లో ద్రవ్యోల్బణం ఏడు వేల శాతం దాటింది. ఆ ఆగస్టులో ప్రభుత్వం ధరల మీద అదుపు ఎత్తేస్తే, రాత్రికి రాత్రి కూలివాళ్ళు పప్పు కూడా కొనలేని స్థితి.

అప్పుడు ఆ పేటల్ని నిలబెట్టింది ఆడవాళ్ళ వంటశాలలు. పదిహేను ఇరవై మంది కలిసి, ఇంటికొక గిన్నె తెచ్చుకుని, వంతులవారీగా వండి అందరికీ పంచేవారు. ఒక్కొక్క ఇంట్లో వేరువేరుగా వండుకుంటే ఎవరికీ చాలదు, కలిపితే అందరికీ సగం కడుపైనా నిండుతుంది. లీమా నగరపాలక సంస్థ 1984లో పిల్లలకి 'పాల గ్లాసు' పథకం మొదలుపెడితే దాన్ని వీధి వీధినా నడిపిందీ ఈ ఆడవాళ్ళే.

లీమాకి దక్షిణాన ఎడారి ఇసుకలో 1971లో పుట్టిన పేట వియా ఎల్ సాల్వదోర్. అక్కడి మహిళా సమాఖ్యకి అధ్యక్షురాలిగా చేసినావిడ మరీయా ఎలేనా మోయానో. నల్లజాతి అమ్మాయి, పేదింటి పిల్ల, వంటశాలల్లోనూ పాల గ్లాసు సంఘాల్లోనూ తిరిగి తిరిగి ఎదిగింది. తరవాత ఆ పేటకి ఉప మేయరయింది. దళం వాళ్ళకి ఈ వంటశాలలు కంటగింపు. జనం ఆకలితో ఉంటే తమ వైపు వస్తారు, ఈ ఆడవాళ్ళు గంజి పోసి విప్లవాన్ని ఆపేస్తున్నారని వాళ్ళ వాదన. 1991లో అక్కడి వంటశాలలకి సరుకులు పంచే గోదాముని పేల్చేశారు. మోయానో బహిరంగంగా వాళ్ళని తప్పు పట్టింది. సైన్యం చేసే హత్యలనీ అంతే గట్టిగా ఖండించింది. 1992 ఫిబ్రవరి 14న దళం బంద్ ప్రకటించి, ఎవరూ గడప దాటకూడదంది. ఆవిడ కొంతమందితో కలిసి తెల్ల జెండాలు పట్టుకుని వీధిలో నడిచింది.

మర్నాడు, ఫిబ్రవరి 15న, పాల గ్లాసు సంఘం వాళ్ళు పెట్టుకున్న పొయ్యాదాకి వెళ్ళింది. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. అక్కడే, ఆ పిల్లల కళ్ళ ముందే, దళం వాళ్ళు కాల్చి చంపారు. శవాన్ని డైనమైట్ పెట్టి పేల్చారు. ఆవిడకి 33 ఏళ్ళు.

ఈ సంగతి చదివిన రోజు నేను పొయ్యి దగ్గరికి వెళ్ళలేకపోయాను. ఎవరికో సాయం చెయ్యడానికి చీటీలమ్మి కోడి వేయించుకుంటున్న ఆదివారం లాంటి రోజు అది. బాణలిలో నూనె కాగుతూ ఉండి ఉంటుంది. పచ్చడి గిన్నెలో ఉండి ఉంటుంది. చరిత్ర పుస్తకాల్లో యుద్ధాలు ఎక్కడో మైదానాల్లో జరుగుతాయనుకుంటాం. ఇది మాత్రం వంట పొయ్యి పక్కనే జరిగింది. ఆ సెప్టెంబరులో దళ నాయకుడు లీమాలోనే దొరికిపోయాడు. 2002లో పెరూ ప్రభుత్వం మోయానోని దేశ వీరవనితగా గుర్తించింది. వంటశాలలు మాత్రం ఆవిడ పోయిన మర్నాడు కూడా పొయ్యి వెలిగించాయి. పిల్లలకి ఆకలి వేస్తుంది కదా.

మా వెసీనా ఆ రెండేళ్ళలోనే దేశం వదిలి వచ్చేశారు. ఆవిడలాగే ఎంతోమంది న్యూజెర్సీకి, వాషింగ్టన్ చుట్టుపక్కల ఊళ్ళకి చేరారు. 1980ల చివర మా పక్కనే ఆర్లింగ్టన్‌లో ఒక కోడి అంగడి వెలిసింది, దాని వెనక ఇంకెన్నో. ఇవాళ మనం పార్కింగ్ వెతుక్కుని క్యూలో నిలబడి పదిహేను నిమిషాల్లో తెచ్చుకునే కోడికి వెనక ఇంత ఉంది. అలాగని తినేటప్పుడు ఇదంతా పిల్లలకి చెప్పి వాళ్ళ నోట్లో ముద్ద ఆపను. పెద్దమ్మాయికి మాత్రం చెప్పాను. పద్నాలుగేళ్ళు వచ్చాయి, తెలియాల్సిన వయసే. "ఆ వంటమనిషి పేరు నిజంగానే ఎవరికీ తెలీదా అమ్మా?" అని రెండుసార్లు అడిగింది.

సరే, పచ్చడికి వస్తాను. దీనికి అసలు రుచి ఇచ్చేది 'వకాతాయ్' అనే ఆకు. వాసన చూస్తే పుదీనా, తులసి, ఇంకేదో ఘాటు కలిసినట్టుంటుంది. తీరా చూస్తే ఇది మన బంతి చెట్టుకి చెల్లెలు. మనం గుమ్మాలకి కట్టే బంతిపూలు కూడా మెక్సికో వైపు నుంచి వచ్చి మన పండగల్లో కలిసిపోయాయి. రెండోది 'ఆహీ అమరీయో' అనే పసుపు మిరప. మన గుంటూరు మిరప పూర్వీకులు మెక్సికో వైపువి, పోర్చుగీసు వాళ్ళు 16వ శతాబ్దంలో మనకి తెచ్చారు. అంతకుముందు మన కారం అంతా మిరియాలే, ఆ పేరే కొత్త కాయకి అంటుకుని మిరపకాయ అయింది. ఈ పసుపు మిరప మాత్రం ఆండీస్ కొండల వైపు పుట్టిన వేరే జాతి, మన దాకా రాలేదు. కారం తక్కువ, పండు వాసన ఎక్కువ. వకాతాయ్ ముద్ద, ఈ మిరప ముద్ద రెండూ సీసాల్లో లాటిన్ దుకాణాల్లో దొరుకుతాయి. ఇండియాలో ఉన్నవాళ్ళు కొత్తిమీరలో నాలుగు పుదీనా ఆకులు వేసి, లేత పచ్చిమిరపతో చెయ్యండి. వేరే పచ్చడవుతుంది, కానీ మంచి పచ్చడే.

ఒక పెద్ద కట్ట కొత్తిమీర కాడలతో సహా, రెండు హలపెన్యో మిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు వకాతాయ్ ముద్ద, చెంచాడు పసుపు మిరప ముద్ద, ఒక నిమ్మకాయ రసం, ఉప్పు. ముందు ఇవి మెత్తగా తిప్పేసి, అప్పుడు అరకప్పు మయొనేజ్, రెండు చెంచాల తురిమిన ఉప్పు జున్ను వేసి కొద్దిగా తిప్పాలి. మయొనేజ్ మొదటే వేసి ఎక్కువసేపు తిప్పితే మిక్సీ వేడికి విరిగి నీళ్ళు తేలుతుంది. ఫ్రిజ్‌లో గంట ఉంచితే వెల్లుల్లి ఘాటు తగ్గి అన్నీ కలిసిపోతాయి. మూడు రోజులు నిలవ ఉంటుంది. మా ఇంట్లో మూడు రోజులు ఎప్పుడూ ఉండలేదు. మా అత్తగారు దీన్ని పెసరట్టులోకి వేసుకున్నారు, నేను చూడలేదనుకుని.

కోడి నాలుగు పౌన్లది చాలు, చర్మంతో ఉండాలి. ఆరు వెల్లుల్లి రెబ్బలు, చెంచా నిండా వేయించిన జీలకర్ర, చెంచాడు మిరియాలు నూరి, మూడు పెద్ద చెంచాల సోయా సాస్, రెండు చెంచాల వెనిగర్, రెండు చెంచాల ఎర్ర మిరప ముద్ద, కాస్త ఒరెగానో, చెంచాడు నూనె కలపాలి. ఎర్ర మిరప ముద్ద లేకపోతే కాశ్మీరీ కారం నీళ్ళతో కలిపి వాడతాను. రొమ్ము భాగంలో చర్మం కిందకి వేళ్ళు పోనిచ్చి అక్కడ ఎక్కువ పట్టించాలి. లేకపోతే మసాలా అంతా పైనే ఉండి లోపల చప్పగా ఉంటుంది. సోయాలో ఉప్పుంది కాబట్టి ఉప్పు చూసి వెయ్యండి. ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో. మర్నాడు తీసి, పైన తడి పేపర్ టవల్‌తో బాగా అద్ది, అరగంట బయట ఉంచి, 425 ఫారన్‌హీట్ అంటే 220 సెల్సియస్‌లో జాలీ మీద పెట్టాలి. కింద ట్రేలో బంగాళాదుంప ముక్కలు వేస్తే కారే కొవ్వంతా అవి పీల్చుకుంటాయి. అవి కూడా ఆండీస్ బిడ్డలే, పుట్టింటి వాసన తెలుస్తుంది వాటికి. గంట, గంటంబావు పడుతుంది. తొడ దగ్గర థర్మామీటర్ గుచ్చితే 165 ఫారన్‌హీట్ దాటాలి. తీశాక పదిహేను నిమిషాలు ముట్టుకోవద్దు, రసం లోపలికి ఇంకాలి. ఆ పదిహేను నిమిషాలు వంటింటి తలుపు దగ్గర కాపలా ఉండటమే ఈ వంటలో కష్టమైన భాగం.

ఎముకలు పారెయ్యకండి. మా వెసీనా చెప్పిన 'అగ్వాదీతో' అనే చారు ఉంది, అక్కడ వేడుకల చివర అర్ధరాత్రి దాటాక పోస్తారట. ఎముకలు నీళ్ళలో గంట మరిగించి వడగట్టి, గుప్పెడు బియ్యం, బఠాణీలు, ఒక బంగాళాదుంప వేసి ఉడికించి, చివర్లో గుప్పెడు కొత్తిమీర నూరి కలపాలి. పచ్చగా, పలచగా, గంజికీ చారుకీ మధ్యలో ఉంటుంది. నిమ్మకాయ పిండుకుని వేడివేడిగా తాగాలి.